బియ్యం డబ్బాలో లెన్సు

మా రాజోలు గాలికి గాజుకి కూడా బూజు పడుతుంది.
యాభై ఎమ్మెమ్ లెన్సు బల్బు ముందు పట్టి చూస్తే
లోపల, గుడ్డ దూరని చోట,
సాలీడు మొదలెట్టి వదిలేసినట్టు రెండు పోగులు.
మందు మా మరియదాసు మాస్టారు చెప్పిందే:
దోరగా వేపిన బియ్యం, మూత బిగిసే బిస్కెట్ల డబ్బా,
మధ్యలో మల్లుగుడ్డ చుట్టిన లెన్సు.
"అన్నం పెట్టేదాన్ని బియ్యంలోనే దాచాలే రూతూ" అనేవారు,
అని, తన మాటకి తనే నవ్వుకునేవారు.

రాత్రి సంచీ సర్దుతుంటే అన్నీ కావాలనిపిస్తాయి.
పొద్దున్న పంటు దాటాలి, ఉన్నది ఒక్క భుజం.
రెండింటికి మించి వద్దు.

కోరంగి మడ అడవిలో లకుముకి పిట్టకి
కాకినాడలో రోజు అద్దెకి తెచ్చిన ఆరొందల ఎమ్మెమ్.
చంటిపిల్లంత బరువు.
పడవ ఇంజను వణికితే ట్రైపాడూ వణుకుతుంది,
దానికంటే నా ఒళ్ళే నయం.
సెకనులో రెండువేలో వంతుకి తిప్పాను.
పిట్ట మునిగింది, లేచింది, పోయింది.
నాకు దక్కినవి నీటి చుక్కలు,
ఒక్కొక్కటీ గోళీకాయంత తేటగా.
అద్దె మాత్రం పూర్తిగా పట్టుకున్నారు.

ఆత్రేయపురంలో పూతరేకుల పెట్టె మీద బొమ్మకి
ఖరీదైనదేదీ అక్కర్లేదు, వెనకాల కిటికీ ఉంటే చాలు.
కానీ మీటరు తెలుపుని నమ్మదు.
తెల్లటిది కనిపిస్తే బూడిద కలిపి లెక్క తేలుస్తుంది.
ఒకటిన్నర స్టాపులు ఎక్కువిస్తే గాని
రేకు రేకులా వెలగలేదు.
కుండ మీంచి పొర లేపుతూ మంగాయమ్మ గారు
"నన్నూ అలాగే తెల్లగా తియ్యవే" అన్నారు.
ఆవిడ వైపు తిరిగే ముందు మళ్ళీ సున్నాకి తెచ్చాను.
పొగకీ సెగకీ కుదురుకున్న ఆ రంగుని
చెరపడానికి వేలు రాలేదు.

కడియం నర్సరీల కేటలాగు కోసం
అప్పు చేసి కొన్నది వంద ఎమ్మెమ్ మాక్రో.
బంతి మొగ్గ మీద చీమ నడిస్తే కాళ్ళు లెక్కపెట్టొచ్చు.
వాయిదాలు ఇంకా ఏడున్నాయి.

మాసూళ్ళ వేళకి తుపాను పట్టింది.
పితాని సూరన్న గారు సైకిలు దిగి గుమ్మంలోనే నిలబడ్డారు,
మోకాళ్ళ దాకా బురద.
"ఆఫీసులో ఫోటో అడుగుతున్నారమ్మా.
మా ఫోనులో నీళ్ళే పడతన్నాయి."

ఆ రోజు బరువు చూడలేదు, అన్నీ వేసుకున్నాను.
ముందు వెడల్పు లెన్సు:
చేనుని సముద్రం చేసి, గట్టు మీది మనిషిని పుల్లని చేసింది.
తర్వాత పొడుగుది:
పడిపోయిన దుబ్బుల్ని ఒకదాని మీదకొకటి లాగి
కుప్ప వేసిన పంటలా చూపించింది.
రెండూ చెరిపేశాను.
ఆయన వంగి, నీళ్ళలోంచి ఓ కంకి లేపారు.
గింజ గింజకీ మొలక. తెల్లగా, పోగుల్లాగా.

బంతిపూల లెన్సు బయటికొచ్చింది.
ఎఫ్ నాలుగులో మొలక ఒక్కటే తేటపడి
వేళ్ళు కరిగిపోతున్నాయి.
"నా చెయ్యి పడక్కర్లేదమ్మా, గింజ పడితే చాలు."
వినలేదు. పదహారుకి బిగించాను.
పైన మబ్బు. ఐఎస్‌వో ఆరువేల నాలుగొందలు.
గరుకు వస్తుంది, రానీ.
గాలి ఆగింది గానీ ఆయన చెయ్యి ఆగలేదు.
రెండొందల యాభయ్యో వంతు.
పడింది: గోళ్ళలో మట్టి, కణుపు మీద పాత కొడవలి గాటు,
మొలక కొసన వేలాడే చుక్కలో
తలకిందులుగా మేమిద్దరం.

డబ్బుల మాట ఎవరమూ ఎత్తలేదు.
ప్రింటుని యూరియా సంచి ముక్కలో చుట్టి
చొక్కా లోపల పెట్టుకుని సైకిలెక్కారు.

రాత్రి లెన్సులు తుడిచి డబ్బా మూత తీస్తే
బియ్యం మెత్తబడ్డాయి. మళ్ళీ వేపాలి.
దాళవా కోతలయ్యాక,
మనవడి హాల్‌టికెట్టు ఫోటోలకి బదులుగా
సూరన్న గారు కొలిచి పోసిన కుంచెడు ఇవి.
మూకుడు స్టవ్వు మీద పెట్టి
చాలాసేపు వెలిగించలేదు.